బ్లాకు నంబరు 412

నేను రాసిన అంకెలు సముద్రం దాటినయి.
నేను గంగాధర రైలు యార్డు దాటలేదు.

తెల్ల పెయింటు డబ్బా, రెండించుల కుంచె,
నడుముకు టేపు.
పొడుగు, ఎడల్పు, ఎత్తు,
కింద గుట్ట పేరు.
ఎలుగుగుట్ట అంటే కొనెటోళ్ల నోరు తిరుగదని
మేస్త్రి దాన్ని ‘ఇ.జి.’ చేసిండు.
ముందుగాల పేరు కోసిండ్రు,
తర్వాత వైరు పెట్టి గుట్టను.

మా ఓర్సోళ్ల తాతలు ఇదే రాయిని
ఉలితోని, సుత్తెతోని బతిమాలెటోళ్లు.
ఏడాదికి ఇన్ని రోళ్లు, ఇన్ని ఇసుర్రాళ్లు,
ఎవలన్న ఇల్లు కడితె గడపబండ.
గుట్టకు గోరంత కూడ తక్కువ పడకపోయేది.
వజ్రాల వైరు వచ్చినంక
నీళ్లు పోస్తె చాలు,
జున్ను తెగినట్టు తెగింది.

హువో సారు ఏడాదికి రెండుసార్లు వచ్చెటోడు.
సంచిల నీళ్ల సీసా, సుద్దముక్క.
రాయి మీద నీళ్లు గుమ్మరించి
నాలుగడుగులు ఎనుకకు పోయి
కన్ను చిన్నగ చేసి చూసెటోడు.
పొడిరాయి అబద్ధమాడుతది,
తడిస్తె ఒప్పుకుంటది.
ఎంటిక మందం తెల్లగీత కనబడ్డదా,
సుద్దతోని అడ్డంగ కొట్టేసుడే.
నన్ను ముత్తిలింగం అనరాక ‘ముతి’ అనెటోడు.

ఒకనాడు వానకు క్రేను ఆగింది.
టార్పాలిన్ కింద ఇద్దరం.
ఫోన్ల ఏదో నొక్కి తన బాసల మాట్లాడిండు,
ఫోను తెలుగుల చెప్పింది,
ఏడుపు, నవ్వు లేని ఆడగొంతుతోని:
‘మా ఊరికి కూడ ఒక కొండ కలదు.
అమ్మ దానిపై చాయ్ చెట్టు తెంపెను.
రాయి మంచిది అని తెలిసెను.
ఇప్పుడు అమ్మ ఇరవై మూడవ అంతస్తు.
కుండీలో ఉల్లి ఆకు.’
కొంచెం ఆగి,
‘మీ కొండ అమ్మ వంటగదిలో ఉంది.’

ఎండకాలం పగటీలి ఆ బండ మీదనే
ఒరుగుతదట ముసలమ్మ, చల్లగుంటదని.
ఎప్పుడో గొర్లు తోలుకపోయి
గుట్ట నీడకు నేను పండుకున్నట్టు.
ఏమనాల్నో తెలువక
బీడీ ఇచ్చిన. తాగిండు. దగ్గిండు.
ఇద్దరం దగ్గినం.

మూడేండ్లాయె, ఆయన వచ్చుడు బందై.
అక్కడ కట్టిన మేడలల్ల
దీపం పెట్టెటోళ్లు లేరట,
సగం లేసినయి సగంలనే నిలబడ్డయట.
మేస్త్రి చెప్పిండు, ఆయనకెవలో చెప్పిండ్రు.
నాకు రావాల్సిన ఏడు వారాల కూలి
ఆ మేడలల్ల ఏ అంతస్తుల ఆగిందో.

412 ఇంక యార్డులనే ఉన్నది.
పిలగాండ్లు దాని మీద బొగ్గుతోని
మూడు వికెట్లు గీసిండ్రు.
మేక ఎక్కి దిగుతది.
నా నాలుగు చెరిగిపోయి ఒకటి లెక్క కనబడతది.

క్వారీ గుంతల నీళ్లు పచ్చగ, అడుగు లేదు.
మొన్న రాత్రి ఎలుగు ఊళ్లెకొచ్చింది,
ఏటీఎం వెలుగుల నిలబడి
గుట్ట ఉండాల్సిన దిక్కు చూసింది.
ఫారెస్టోళ్లు వల తెచ్చేదాక అట్లనే చూసింది.
చేతిల కుంచె ఉంటె దాచుకునెటోన్ని.

కొత్త ఫంక్షన్ హాలుల టైల్స్ ఏసిండ్రు.
మా రాయి రంగే, మా రాయి చుక్కలే,
కాని అచ్చు గుద్దింది.
నాలుగు టైల్సుకొకసారి అదే మచ్చ
మళ్ల మళ్ల వస్తది.
గుట్టల అట్ల ఎన్నడు రాలే.
చెప్పులిడిచి కాలు పెట్టి చూసిన. ఏమనిపించలే.

కరీంనగర్ల డాక్టరు నా ఎక్సురే
దీపానికి పట్టి
కన్ను చిన్నగ చేసి చూసిండు.
ఆ చూపు నాకు ఎరికే.
సుద్దముక్క కోసం ఆయన జేబు దిక్కు చూసిన.

నిన్న హువో సారు నుంచి ఫోటో, కింద ఒక ముక్క:
‘ముతి, నీ దగ్గు క్షేమమా?’
పెద్దగ చేసి చూసిన.
తడిగుడ్డ పెట్టిన బండ,
ముసలమ్మ రబ్బరు చెప్పులు, ఉల్లాకు కుండీ.
ఏ నంబరుదో గుర్తుపడదామని
మూల మూల ఎతికిన.
అంకె కోతల పోయినట్టున్నది.