పదమూడో నెలలో తాబేలు

వాన సన్నబడ్డాక సారిస్ రోడ్డు మీద
షిఫెరావ్ తన నీలం టాక్సీని
తోసుకొచ్చినంత నెమ్మదిగా నడుపుకొచ్చాడు.
డాష్‌బోర్డు మీద పసుప్పచ్చని తాబేలు.
దాని కింద రెండు వరుసల చైనా రాత.

"మూడు వారాలుగా ఇదే వరస, అస్నాకెచ్.
మధ్యాహ్నం ఎత్తు ఎక్కబోతే చాలు, ఈ జంతువు నిద్ర లేస్తుంది.
వెనక బండ్ల హారన్లన్నీ నా వీపు మీదే."
మెర్కాటోలో ఎవరో చూసి
బ్యాటరీ మొత్తం మార్చాలన్నారట.
ఎంతవుతుందో చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు,
కారు వింటుందేమో అన్నట్టు.

మా నాన్న స్క్రూడ్రైవర్ పిడి చెవికానించి
ఏ వాల్వు అబద్ధమాడుతోందో చెప్పేవాడు.
డీజిల్ బండికి జబ్బు చేస్తే దగ్గేది, పొగ కక్కేది,
నేల మీద నల్లటి ఆనవాలు వదిలేది.
ఇది బాగున్నా మౌనమే, బాగోకున్నా మౌనమే.
ఎప్పుడో ఒక దీపం వెలిగిస్తుంది,
అలిగిన మనిషి
గిన్నె కాస్త గట్టిగా కింద పెట్టినట్టు.

స్టీరింగ్ కింద చీకట్లో తడిమి
స్కానర్ తీగ గుచ్చాను.
తొంభై ఆరు సెల్స్, ఒక్కొక్కటే చదివాను.
ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించినట్టు
అన్నిటికీ ఒకే కొలత.
మోటారు నిక్షేపం. ఇన్వర్టర్ నిక్షేపం.
నిల్వ మాత్రం నూటికి తొమ్మిది.

రోగం కాదు, ఆకలి.

"రాత్రిళ్లు చార్జింగ్ పెడుతున్నావా?"
"పిల్లల మీద ఒట్టు! చీకటి పడ్డ గంటకే పెడతాను,
సరిగ్గా ఒంటిగంటకి.
తెల్లవారుజామున పదకొండుకి తీస్తాను."
(సూర్యుడు లేచినప్పుడూ దిగినప్పుడూ
మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టే ఊరు మాది.)

మా గోడకున్న ప్లగ్గు పెట్టి చూశాను.
పచ్చదీపం ఒక్కసారి రెప్పకొట్టి ఆరిపోయింది.
బెరెకెట్ ఫోను ఎత్తి ఆ రాత మీద పట్టాడు.
ఫోను తనకు తోచినట్టు తిప్పి చెప్పింది:
"ముహూర్తం కొరకు నిరీక్షణ."
వాడు నవ్వాడు. షిఫెరావ్ నవ్వలేదు.

తెర మూల గడియారం ఎనిమిదీ పది.
గోడ గడియారం కూడా ఎనిమిదీ పదే.
రెండూ ఒకటే కదాని ముందుకెళ్లిపోయేదాన్నే,
అంకె పక్కన రెండు బుల్లి అక్షరాలు కనపడకపోతే.
"వీటిని కూడా అడుగు," అన్నాను.
"పొద్దున," అంది ఫోను.

బయట ఎండ పడమటికి వాలుతోంది.

"మూడు వారాల కిందటేగా గడియారం దిద్దావు?"
"ఆరు గంటలు తప్పు చూపిస్తుంటే దిద్దనా మరి?"

రాత్రి పదికి గాని తినొద్దని
ఎవరో, ఎక్కడో, దానికి నేర్పి పంపారు.
దాని రాత్రి పది మన తెల్లవారుజాము పది.
అప్పుడు మొదలుపెడుతుంది.
పదకొండుకి నువ్వొచ్చి
పాలు తాగే దూడను లాగినట్టు లాగేస్తావు.

గడియారం వెనక్కి మార్చనా అంటే ససేమిరా అన్నాడు.
"సూర్యుడి కంటే దానికెక్కువ తెలుసా?"
నేను వాదించలేదు. సగం అతనిదే న్యాయం.
వేళాపాళా చెప్పే ఆ పేజీ వెతికి
మొత్తం చెరిపేశాను:
పెట్టినప్పుడు తిను.
పచ్చదీపం వెలిగి, ఈసారి నిలబడింది.

రెండో విడత కాఫీ పొంగేసరికి
తాబేలు లేదు.
పోవడం ఎవరూ చూడలేదు.

రసీదులో తేదీ పగుమే మూడు అని రాశాడు బెరెకెట్.
'లోపం' అన్నచోట పెన్ను ఆపి నా వైపు చూశాడు.
లేదు అని రాయమన్నాను.
"లేనిదానికి డబ్బులా?" అని గొణుగుతూనే
షిఫెరావ్ జేబు తడుముకున్నాడు, అంతలో ఆగి,
"ఈ పగుమే నెల కూడా అందులో పెట్టగలవా?" అన్నాడు.

పన్నెండు గదులే కట్టి పంపారయ్యా వాళ్లు,
పదమూడోది నా చేతిలో లేదు.

అయినా ఈ అయిదు రోజులకు
ఎవరికీ విడిగా జీతం రాదు మా ఊళ్లో.
సగమే తీసుకున్నాను.