చోళ్లగడ్డి మీద బ్రేకు

ఆమదాలవలసలో గేటు పడితే
నా షెడ్డుకి బేరం.
రైలు వెళ్లేదాకా ఆగిన బళ్లలో
ఏది దగ్గుతోందో, ఏది ఆయాసపడుతోందో
తల ఎత్తకుండానే చెప్పేవాణ్ణి.
స్క్రూడ్రైవరు కొస ఇంజనుకి, పిడి నా చెవికి.
అంతే నా చదువు.

కూర్మయ్య బండి తొంభై ఎనిమిదిలోది.
చోక్ లాగితే మొదటి కిక్కుకి,
లాగకపోతే మూడో కిక్కుకి లేచేది.
ట్యాంకు మీద చొక్కా గుండీలు గీసిన గీతలు,
వెనక సీటు మీద నువ్వుల బస్తా అచ్చు.
కార్బొరేటరు విప్పి, ఊది, బిగిస్తే
ఇరవై రూపాయలు.
ఒక్కోసారి ములక్కాడలు.

వాడి కూతురు ఢిల్లేశ్వరి
ఊరూరా తిరిగి పాల శాంపిళ్లు పట్టే పిల్ల,
చీటీ పాడి, మిగతాది కిస్తీలకి రాసి
లక్షా డెబ్బై ఎనిమిది వేల బండి తెచ్చి
నా ముందు ఆపింది.
"ఓలమ్మ! దీనికేటి, రెక్కలున్నాయేటి?"
సంతలో ఎద్దు చుట్టూ తిరిగినట్టు తిరిగాను.
పట్టి చూద్దామంటే ఎక్కడా వేలు దూరలేదు.
చోక్ లేదు. కిక్కు లేదు.
పలకలాంటి మీటరు,
ఫోను ఎవరు చేశారో దానికి తెలుసు,
పెట్రోలు ఎవరు పోయిస్తారో తెలియదు.

ఆ రాత్రి షెడ్డు మూసి
రేకు మీద సుద్దముక్కతో లెక్క కట్టాను.
కూర్మయ్య బండికి ఆ రోజుల్లో
నూట పది బస్తాల ధాన్యం.
ఈ పిల్ల బండికి ఇవాళ్టి ధరలో
తొంభై ఆరు.
మళ్లీ కట్టాను. తొంభై ఆరే.
కోపమొచ్చింది, లెక్క మీద.
ఎరువు ధర ఎవడు కలుపుతాడని
చేత్తో తుడిచేశాను.

కార్తీకంలో సరుబుజ్జిలి దారిన
చోళ్లు కోసి రోడ్డు మీద పరిచారు,
వచ్చేపోయే బళ్లే నూరుస్తాయని.
మంచు పట్టిన గడ్డి సబ్బుకంటే పాపం.
మేకపిల్ల ఒకటి అడ్డంగా.
ఢిల్లేశ్వరి బ్రేకు నొక్కేసింది,
ఉన్న బలమంతా పెట్టి,
అలా నొక్కకూడదని నేనే నేర్పాను.
బండి పడాలి.
నాకు తెలిసిన బళ్లన్నీ అక్కడ పడ్డాయి.
ఇరవయ్యేళ్ల కిందట కూర్మయ్య పడ్డాడు, ఉలవగడ్డి మీద.
ఇప్పటికీ వాడి కుడికాలికి
మబ్బుకంటే ముందే వాన తెలుస్తుంది.
ఇది మాత్రం
టకటకటక, పట్టి, వదిలి, పట్టి, వదిలి,
కొండ దిగే ముసల్ది కర్ర ఆన్చి చూసుకున్నట్టు
నిలబడిపోయింది.
మేకపిల్ల రెండు కంకులు నమిలి వెళ్లిందట.
అప్పుడు నేను షెడ్డులో
ఎవరిదో పంక్చరు వేస్తున్నాను.

దాంతో నేను ఓడిపోయాననుకోకండి.
మాఘంలో ఎలక తీగ కొరికింది.
పసుపు దీపం వెలిగి, ఇక ఆరనంది.
బండి కదలనంది.
స్క్రూడ్రైవరు పెట్టి విన్నాను,
గోడకి చెవి ఆన్చినట్టుంది.
తీగ విశాఖ నుంచి రావాలన్నారు.
పదకొండు రోజులు.
నాలుగు వేల రెండొందలు.
పదకొండు రోజులూ ఢిల్లేశ్వరిని మోసింది
కూర్మయ్య బండే,
మూడో కిక్కుకి లేచి.

టీ తాగుతూ అడిగాను వాణ్ణి,
"ఏటి కూర్మయ్యా, ఆ డబ్బుకి తగిందేనా?"
మోకాలు రాసుకున్నాడు చాలాసేపు.
"నా కాలు ఆ షోరూములో
ఎంతకిస్తారో కనుక్కో.
దొరికితే నానూ కిస్తీల్లో కొంటాను."
తర్వాత తనే, గ్లాసు దించి,
"అయినా, ఎలక కొరికితే
బండాగిపోడమేటిరా!"

గేటు లేచింది.
ఆగిన బళ్లన్నీ ఒక్కసారి కదిలాయి.
దగ్గినవి రెండే.
మిగతావి నాకేమీ చెప్పకుండా
వెళ్లిపోయాయి.