మైనస్ నలభై

ఆటోనగర్. మే నెల. మధ్యాహ్నం రెండు.
బానెట్ మీద చెయ్యి ఆనిస్తే బొబ్బెక్కుతుంది.
స్కానర్ తెర మాత్రం తడుముకోకుండా చెబుతోంది:
కూలెంట్ వేడి, మైనస్ నలభై.

లంబసింగి కూడా ఎరగని చలి
సూరాడ ఎల్లాజీ కారొక్కదాన్నే పట్టుకుంది.

పాపం, ఇంజన్ నమ్మేసింది.
వణికేవాడి మీద దుప్పటి మీద దుప్పటి కప్పినట్టు
పెట్రోలు మీద పెట్రోలు పోసుకుంటోంది.
వెనకాల నల్లటి పొగ. ఫ్యానుకి ఊపిరాడనివ్వని పని.
రేవులో వేలం ముగించుకొచ్చి తాళం తిప్పితే
నాలుగోసారికి గాని లేవదు.
"కారు కాదు బాబూ ఇది, తాగుబోతెదవ" అన్నాడు ఎల్లాజీ.

పోయిన మంగళవారం కూడా ఇదే కారు.
పొగ చూసి, వాసన చూసి,
థర్మోస్టాట్ పోయిందన్నాను.
మార్చాను. పదిహేడు వందలు తీసుకున్నాను.
మీటరు బయటికి తియ్యలేదు,
ముప్పై ఏళ్ళ చేతికి మీటరెందుకని.

ఇవాళ తీశాను.
ప్లగ్గు ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము,
ఈ ఊళ్ళో గేటు గొళ్ళేనికీ గుండుసూదికీ పట్టేదే.
గీకాను, తుడిచాను. మైనస్ నలభై.
తీగల కొసలు రెండూ కలిపాను,
తెర ఒక్క గంతులో నూట నలభైకి ఎగిరింది.
అయితే తీగ బతికే ఉంది. అటుపక్క బుర్రా బాగానే ఉంది.
అబద్ధం ఈ చిటికెనవేలంత ఇత్తడిముక్కది.

డిల్లేశు గౌరమ్మ టీకొట్టుకి పరిగెత్తి
గ్లాసుడు మరిగే నీళ్ళు తెచ్చాడు, గుడ్డలో పట్టుకుని.
ముంచి, మీటరు ముళ్ళు ఆనించాను.
వేడి తగిలితే ఓములు వేలల్లోంచి వందల్లోకి దిగాలి.
ఎడమ అంచున ఒంటరి ఒకటి. అంతే.
నీళ్ళు చల్లారకముందే కొత్తది ముంచాను:
మూడొందల పది... మూడొందల నలభై...
ఆవిరి తగ్గేకొద్దీ అంకె ఒక్కో మెట్టూ ఎక్కుతోంది.
డిల్లేశు నోరు తెరిచి చూస్తున్నాడు.

ఎల్లాజీ కూడా చూశాడు. తొందర్లేకుండా అడిగాడు:
"మరి మొన్న మార్చినావు, అది సెడిపోనేదా?"

లేదు, అన్నాను.
షెడ్డులో ఆ వేడి కొలిచే సెన్సరు ఎవరి దగ్గరా లేదు.

కొత్తదానికి డబ్బు తీసుకోలేదు.
పదిహేడు వందల్లో వెయ్యి తిరిగిచ్చాను.
ఒక్క తిప్పుకే లేచి, పొగ లేకుండా
సింధియా రోడ్డు వైపు మళ్ళింది కారు.

మిగిలిన ఏడొందలు జేబులోనే ఉన్నాయి.
తడిమితే వెచ్చగా తగులుతున్నాయి.