పెట్టి మరిచిపోండి

గులాబీ విచ్చుకుంటే
నష్టమని రాసే ఖాతా నాది.
నైవాషా సరస్సు దక్షిణపు ఒడ్డున
మూడో నంబరు చల్లగది దగ్గర
పదకొండేళ్లుగా రాత్రి డ్యూటీ.
మొగ్గ మొగ్గగానే విమానం ఎక్కాలి,
మొగ్గగానే ఎవరి దేశంలోనో దిగాలి.
నిద్రపోయే పిల్లను భుజం మార్చుకున్నట్టు
లేపకుండా మోయడమే
మా వ్యాపారమంతా.

ఆ తెల్ల బిళ్ళని నిరుడు వానల్లో గోడకి అంటించారు.
అగ్గిపెట్టెంత ఉంటుంది.
గది ఎంత చల్లగా ఉందో
నైరోబీలో మేనేజరు ఫోనుకి చెబుతుంది,
ఫ్యాన్లకి చెబుతుంది, తలుపు తాళానికి చెబుతుంది,
లేబుళ్లు కొట్టే యంత్రానికీ చెబుతుంది.
ఇన్ని కబుర్లు చెప్పేది
ఇంకెవరికైనా చెబుతోందేమోనని
మాలో ఒక్కరూ అడగలేదు.
తెచ్చినవాడు నవ్వుతూ అన్నాడు:
"పెట్టి మరిచిపోండి."
పెట్టాం.
మరిచిపోయాం.
దాని వీపున అచ్చువేసిన పాస్‌వర్డు
ఒకటి రెండు మూడు నాలుగు
కొత్త గిన్నెకి అంటుకున్న ధర కాగితంలా
అలాగే ఉండిపోయింది.

ముసలి వాచ్‌మన్ చెరుయోట్ మాత్రం
గదిలోపల సిసల్ తాడుకి వేలాడే
తన గాజు థర్మామీటరు తీయనివ్వలేదు.
మ్యూజియానికి ఇచ్చెయ్ తాతా, అని
నేనే అన్నాను.

ప్రేమికుల రోజుకి ఆరు రోజుల ముందు,
ఆదివారం రాత్రి.
శనివారం సీలేసిన గది, సోమవారం రావలసిన లారీ.
తెర మీద నాలుగు డిగ్రీలు.
గంట తర్వాతా నాలుగు. ఇంకో గంటకీ నాలుగే.
ఎప్పుడూ కాస్త అటూ ఇటూ ఊగే అంకె
ఫోటోలో మనిషిలా కదలకుండా ఉంది.
బుద్ధిగా ఉందనుకున్నాను.
టీ తాగాను.

మా గులాబీలకి వాసన తక్కువ.
అయినా రెండు లక్షల మొగ్గలు ఒక్కసారి ఊపిరి వదిలితే
తలుపు సందులోంచి ముక్కుకి తెలుస్తుంది.
నా కార్డుని తలుపు గుర్తుపట్టలేదు.
వెనకాల లేబుళ్ల యంత్రం
ఎవరూ ముట్టకుండానే మొదలెట్టింది.
పూల రకం పేరుండాల్సిన చోట డాలర్లు,
కాడ పొడుగుండాల్సిన చోట గడువు,
చీటీ తర్వాత చీటీ, నేలంతా చుట్టలు చుట్టలుగా.
అలారం అయిదున్నరకి మోగింది,
దొంగలు పడ్డ ఆరు నెలలకి
కుక్క మొరిగినట్టు.

చెరుయోట్ గునపం తెచ్చాడు.
ఒక్క గుంజు.
మంచు కరిగించే హీటర్లు రెండు రాత్రులు వెలిగాయట లోపల.
గాజు గొట్టంలో పాదరసం
ఇరవై ఆరు దగ్గర నిలబడి ఉంది,
నిజం చెప్పి చెప్పి అలిసినట్టు.
చెప్పకూడదు గానీ
ఎంత అందంగా ఉందో ఆ గది!
అట్టపెట్టెల మూతలు ఎత్తేసి
ఎరుపంతా కళ్లు తెరిచి మమ్మల్ని చూస్తోంది.
ప్యాకింగ్‌లో ఇరవై ఏళ్లు చేసిన న్జేరీ
పూర్తిగా విచ్చిన మా గులాబీని
మొదటిసారి చూశానంది.
తర్వాత కూలబడి ఏడ్చింది.
ఆ వారం జీతాలు ఆ గదిలోనే ఉన్నాయి మరి.

నైరోబీ నుంచి మకేనా వచ్చింది, లాప్‌టాప్‌తో.
ఇక్కడ మాట్లాడే వస్తువులెన్ని, అనడిగింది.
పన్నెండు, అన్నాం.
మధ్యాహ్నానికి నలభై ఒకటి లెక్కపెట్టింది.
నీళ్ల పంపు, గేటు కెమెరా, డైరెక్టరు కాఫీ మిషను,
ఎవరో తెచ్చి వదిలేసిన రంగుల దీపం.
"వచ్చినవాడు ఏదీ పగలగొట్టలేదు.
తీసి ఉన్న చోటల్లా నడిచాడు" అంది.
పగిలింది ఒకటే,
మేం పగలగొట్టుకున్న తలుపు.

ఆ రాత్రి గోదాం వెనక పోసిన పూలని
సరస్సులోంచి నీటిగుర్రాలొచ్చి తిన్నాయి.

ఇప్పుడు ఇన్సూరెన్సు కాగితం నా ముందుంది.
పధ్నాలుగో ప్రశ్న:
ముందస్తు హెచ్చరిక ఏదైనా కనిపించిందా?
మేనేజరు ఫోన్ చేసి లేదని రాయమన్నాడు.
పెన్ను పట్టుకుని చాలాసేపు కూచున్నాను.
ఉంది, అని రాశాను.
అంకె కదలలేదు.
నేను టీ తాగాను.