వెన్న రంగు సీటు

పాలు ఒలికితే అప్పుడే రా.
కాఫీ అయితే కప్పు కింద పెట్టి మరీ రా.
నిన్నటి మరక అద్దెకు దిగినవాడు,
నెల దాటిన మరక పట్టా పుచ్చుకున్నవాడు.
త్బిలిసీలో, దిదుబే వంతెన కింద నా షెడ్డు.
ఎతేరి చెబితే ఎవరూ వినరు,
మరక పడ్డాక అందరూ వింటారు.

జూలైలో బద్రి వచ్చాడు.
జపాన్ నుంచి ఓడలో దిగిన కారు,
స్టీరింగ్ కుడివైపు, లోపలంతా వెన్న రంగు తోలు,
వెనక సీటు మీద అరచేయంత ఊదా మడుగు.
"మా అత్తగారు," అన్నాడు.
ఆ రెండు మాటల్లోనే
కేసు, సాక్ష్యం, శిక్ష, అన్నీ అయిపోయాయి.

అత్తగారు కారులోనే ఉంది.
పేరు త్సియూరి.
నల్ల మల్బరీ పళ్ళ బుట్ట ఒళ్ళో పెట్టుకుని
కాఖేతీ నుంచి వస్తుంటే
గొంబోరి కొండ మలుపులో బుట్ట ఒరిగిందట.
కంగారులో చేతిరుమాలు తడిపి రుద్దిందట,
ఇంటికెళ్ళాక ఉప్పు, ఆపైన వెనిగర్.
బట్టకు చేసే వైద్యం.
తోలు బట్ట కాదమ్మా, చర్మం,
నీ ముఖానికి పూయనిది దానికీ పూయకు.
ఇదంతా మనసులోనే అన్నాను.
పైకి మాత్రం స్టూలు జరిపాను.
బుట్టతో సహా కూర్చుంది.

నా పనిలో చూడటానికేమీ ఉండదు.
సీటు అడుగున, ఎవరి కంటా పడని మూల,
ఒక్క చుక్క మందు వేసి ఆగుతాను,
తోలు రంగు ఊడుతుందా, లేదా.
తర్వాత నురుగు. నీళ్ళు కాదు, నురుగే.
గుర్రపు వెంట్రుకల బ్రష్షు, పసిదాని తల దువ్వినంత మెల్లగా,
ఆనక మెత్తటి గుడ్డతో అద్దడం.
అంచు నుంచి మధ్యకి, ఎప్పుడూ అంచు నుంచి మధ్యకి.
నాకు పని నేర్పిన ఓతియా ఒకసారి
పెన్ను గీత మీద స్పిరిట్ పెట్టి గట్టిగా రుద్దాడు.
గీత పోయింది, దానితో రంగూ పోయింది.
ఆ సీటు అప్పు రెండు చలికాలాలు తీర్చాం.

ఆరుసార్లు.
ఊదా గులాబీ అయింది,
గులాబీ, అడిగితే తప్ప కనిపించని నీడ అయింది.

దీపం ముందు సీటు వైపు తిప్పాను.
అంచు నుంచి నడుము ఆనే చోటు దాకా
రెండు తొడల వెడల్పున నీలం.
"ఇది మల్బరీ కాదు," అన్నాను.
గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు,
బద్రి తొడలు తడుముకున్నాడు.
కొత్త జీన్స్, ఇంకా మడత నలగనిది.
"ఆమెది ఒక్క మలుపులో ఒలికింది.
నీది రెండేళ్ళుగా రోజూ కూర్చుని పోస్తున్నావు."

త్సియూరి నవ్వలేదు.
బుట్ట మీది గుడ్డ సర్దింది, అది సరిగ్గానే ఉన్నా.

చెప్పాల్సినవి చెప్పాను.
కొత్త జీన్స్ మూడు ఉతుకులు పడ్డాకే ఎక్కు.
నెలకోసారి తడిగుడ్డ, ఆరు నెలలకోసారి పూత,
పూత నీడలో ఆరాలి, ఎండలో పెడితే బీటలు నీవే.
"మరి వెనక ఆ నీడ?"
"ఉంటుంది."
రశీదు రాశాను:
మల్బరీ, నలభై లారీలు.
జీన్స్, నూట ఎనభై, రెండు రోజులు పడుతుంది.
కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు,
వెనక వేరే లెక్క ఉంటుందేమోనని.

కారు నా దగ్గర వదిలి ఇద్దరూ మెట్రోకి బయల్దేరారు.
గేటు దాకా వెళ్ళి ఆమె వెనక్కి వచ్చింది,
బుట్ట నా బల్ల మీద పెట్టింది.
"ఇంక దీన్ని ఏ బండీ ఎక్కించను,"
పొద్దుటి నుంచీ అదే ఆమె మొదటి మాట.

నిలబడే తిన్నాను, గుప్పెడు, ఇంకో గుప్పెడు.
మణికట్టు దాకా రసం.
గేటు దగ్గర హారన్ మోగింది.
వచ్చిన కారు లోపలంతా పాల తెలుపు.
రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని
ఎదురెళ్ళాను.