పంటికి మూడు తోపులు

పర్లాకిమిడి పాత బస్టాండు వెనక
నా దుకాణానికి బోర్డు లేదు.
గుమ్మానికి వేలాడే అరిగిన రంపం చైన్లే బోర్డు.
గాలేస్తే గలగలమంటాయి,
బేరమేదో వచ్చిందనుకుని తవిటమ్మ తొంగి చూస్తుంది.

పంటికి మూడు తోపులు.
ముప్పై డిగ్రీల వాలు. ముందుకే తప్ప వెనక్కి లాక్కూడదు.
ఆకురాయి కీచుమందంటే చెయ్యి తప్పినట్టు,
గుర్రుమని మెత్తగా కొరికిందంటే సరి.
నాకు పని నేర్పిన లొకనాథ సాహు
సాన పట్టిన పంటిని బొటనవేలి గోటి మీద ఆనించి
జారకపోతేనే డబ్బులు పుచ్చుకునేవాడు.

ఆ ఏడు ఆశ్వయుజంలో
తుపాను మహేంద్రగిరి ఎక్కి ఇటు దిగింది.
తెల్లారేసరికి మోహనా రోడ్డు నిండా
చెట్లకన్నా బురద, బురదకన్నా రాళ్లు.
ఫైర్ స్టేషన్ జీపులో నన్నూ ఎక్కించుకున్నారు.
ఇసాక్ రైకా ఒళ్లో కొత్త చైను,
ఇంకా నూనె కవర్లోనే ఉంది.
"కార్బైడు పళ్లు. నాలుగువేల ఎనిమిది వందలు.
ఇంక నీతో పనిలేదు దండాసీ" అన్నాడు, నవ్వుతూనే.
నాది ఏడొందల చైను. నేనూ నవ్వాను.

మొదటిది పనస.
వాన కడిగిన మాను, శుభ్రంగా పడి ఉంది.
ఇద్దరం చెరో కొస.
నా చైను పచ్చటి అటుకులు చిమ్మింది,
అతనిది సన్నగా రవ్వ రాల్చింది.
నేను దుంగని తన్ని దొర్లించేసరికి
అతనింకా సగంలో ఉన్నాడు.
"పదునంటే ఇదీ" అని మీసం తుడుచుకున్నాను.
ఆ మాటన్నాక పావుగంట కూడా కాలేదు.

రెండోది చింత.
వేళ్లతో సహా లేచి, గట్టు మట్టంతా వాటేసుకుని
రోడ్డుకి అడ్డంగా పడుకుంది.
అవతల బరంపురం నుంచొచ్చిన చేపల వ్యాను.
మంచు కరిగి నీచునీళ్లు మా కాళ్ల కిందికే వస్తున్నాయి.
డ్రైవరు హారను కొడతాడు, ఆపి ఒడియాలో తిడతాడు,
మళ్లీ కొడతాడు.

మట్టి బెరడు తాకిన రెండో నిమిషానికే
నా అటుకులు పిండయ్యాయి, పిండి పొగయ్యింది.
ఆపి, బారుని మొద్దు మీద ఆనించి, సాన పట్టి, మళ్లీ.
మళ్లీ పొగ. మళ్లీ మొద్దు.
ఏడుసార్లు.
ఇసాక్ ఒక్కసారీ ఆగలేదు.
నెమరేసే ముసలి ఎద్దులా
ఇసకనీ మట్టినీ చింతనీ ఒకే తీరుగా నమిలాడు.
ఇరవయ్యేళ్ల నా చేతివిద్య
ఆ బురదకేం తెలుసు.
వ్యాను దాటిపోతూ డ్రైవరు అతనికి రెండు కోనాం చేపలిచ్చాడు.
నాకు దండం పెట్టాడు.

మూడోది మామిడి.
ఎవరో ఎప్పుడో కొట్టిన ఎన్నికల బోర్డు తాలూకు మేకు,
బెరడు మింగేసి ఊరుకుంది.
ఠంగుమంది. రంపం వెనక్కి ఎగిరింది.
చూస్తే నాలుగు పళ్లకి మొనల్లేవు.
ఇసాక్ నావైపు చూశాడు, నేను ఆకురాయి వైపు.
కార్బైడు దీనికి లొంగదు, వజ్రపు చక్రం కావాలి.
చక్రం విశాఖపట్నంలో ఉంది.
రోడ్డేమో ఇదిగో, ఇలా ఉంది.

ఆ బోర్డుకి రెండో మేకు కూడా ఉంది. అది నాకు తగిలింది.
రెండు పళ్లు మొద్దుబారి వంకరపోయాయి.
అరగదీశాను, ఇంకా అరగదీశాను.
బియ్యపు నూకంత మిగిలాయి,
ఆ నూకలతోనే చీకటి పడేదాకా కోశాను.

గెలిచాననుకోకండి.
వచ్చే తుపానుకి నేనూ కార్బైడు కొంటాను,
పాణిగ్రాహి కొట్లో వెయ్యి అడ్వాన్సు కూడా ఇచ్చాను.
విరిగినదాన్ని ఇసాక్ పారేయబోతే అడిగి తెచ్చుకుని
గుమ్మానికి కట్టాను.
గాలికి దాని చప్పుడు వేరేగా వస్తుంది,
తవిటమ్మ ఇప్పుడు రెండుసార్లు తొంగి చూస్తోంది.

నిద్దట్లో నా చెయ్యి ఆడుతూనే ఉంటుందట.
"ముందుకి మూడుసార్లు తోసి ఆగుతావు" అంటుంది,
"ఇంకో పంటికి జరుగుతావు కాబోలు."