రెండు సెకన్ల చప్పుడు

మాల్మ్‌బెర్యెట్‌లో ఆ ఉదయం మైనస్ ముప్పై ఒకటి.
పదకొండింటికి నా డ్రైవింగ్ పరీక్ష.
రాత్రి డ్యూటీ దిగిన అమ్మ నిద్రపోతోంది.
ఆమె పాత వోల్వో, నాకంటే పదహారేళ్లు పెద్దది,
తాళం తిప్పితే గరగరా తిరుగుతుంది గానీ
అందుకోదు.
ఏదో చెప్పబోయి
మళ్లీ మళ్లీ గొంతు సవరించుకునే మనిషిలా.

పక్కింటి ఆర్విద్ నివా వచ్చాడు,
కోటు కింద పైజామాతోనే.
ముప్పై నాలుగేళ్లు గనిలో డ్రిల్లు పట్టినవాడు.
చెవులు రెండూ ఎనిమిది వందల మీటర్ల లోతున
అప్పగించి వచ్చాడు.
మిషన్ పెట్టుకోడు.
పెట్టుకుంటే ఫోర్కులు కూడా అరుస్తాయంటాడు.

"కావాల్సినవి రెండే," అన్నాడు,
తనకి వినబడదు గనక వీధంతా వినబడేలా.
"నిప్పూ, పెట్రోలూ.
ఏది రావట్లేదో కనిపెట్టు. తిట్టడం తర్వాత."

నిప్పు ఉంది.
ప్లగ్గు విప్పి ఇంజను ఇనుముకి ఆనించి
నన్ను తాళం తిప్పమన్నాడు:
నీలంగా గింజంత మెరుపు. మళ్లీ. మళ్లీ.
ప్లగ్గు మూతి వాసన చూశాడు.
పొడి.

ఇంజెక్టర్ల మీద నాలుగు వేళ్లు పరిచాడు,
పిల్లి నిద్రపోతోందో నటిస్తోందో
తేల్చుకునేవాడిలా.
"టిక్కుమంటున్నాయి. నోళ్లు తెరుస్తున్నాయి పాపం,
పోసేవాడే లేడు."

ఇక మిగిలింది పంపు. కారు పొట్ట కింద ఉంటుంది.
"స్టార్ట్ చెయ్యకు, తాళం సగమే తిప్పు.
రెండు సెకన్లు గుమ్మంటుంది.
పదకొండేళ్లయింది నేనది విని.
నువ్వు విను."

విన్నాను. గుమ్మంది.
"వస్తోంది," అని బొటనవేలెత్తి చూపించాను.

ఆ బొటనవేలికి గంటన్నర పోయింది.
ఫిల్టరు విప్పాం. పైపులో మంచు గడ్డకట్టిందేమోనని
వేడి గుడ్డలు చుట్టాం. గుడ్డలే గడ్డకట్టాయి.
కనురెప్పలు అతుక్కుంటున్నాయి.
పదకొండు ఎప్పుడు దాటిందో చూడలేదు.
అప్పుడడిగాడు ఆర్విద్:
"గుమ్మన్నాక, ఆగిందా?"

ఆగలేదు.
తాళం తీశాను. ఆగలేదు.
తాళం జేబులో వేసుకుని
కారుకి ఇరవై అడుగుల దూరం నడిచాను.
ఇంకా గుమ్మంటూనే ఉంది.

అది మా ఊరు.
నేల లోపలికి గాలి తోసే గని ఫ్యాన్లు.
నేను పుట్టిన రాత్రికి ముందునుంచీ తిరుగుతున్నాయి.
దాన్నే నిశ్శబ్దం అనుకుంటూ పెరిగాను.

అద్దం మీది మంచులో వేలితో రాశాను:
పంపు కాదు. గని.
చాలాసేపు చదివాడు, మూడు మాటలే అయినా.
"నావి తినేసింది," అన్నాడు.
"నీవి మొదలెట్టిందన్నమాట."

ఈసారి కారు నేల మీద చెంప ఆనించి పడుకున్నాను.
తాళం సగం.
ఏమీ లేదు. అసలైన ఏమీ లేకపోవడం.
అరచేత్తో కొట్టి చూపించాను: సున్నా.

డాష్‌బోర్డు కింద తెల్లటి రిలే డబ్బా.
ఆయన నడుము వంగదు, నేనే దూరాను.
స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కటి తగిలించగానే
చెంప కింద సన్నగా వణుకు,
ఒకటి, రెండు,
పోయింది.

వాళ్ల వంటింటి బల్ల మీద డబ్బా విప్పాం.
వెనక ఒక టంకం చుక్క చుట్టూ
వెంట్రుకంత పగులు.
చలికి ముడుచుకుని విడిపోతోందట.
ఆర్విద్ చేతులు వణుకుతాయి గనక
కొత్త చుక్క నేనే పెట్టాను.
కాస్త ఎక్కువే పడింది. పర్లేదన్నాడు.

ఇంజను అందుకున్నప్పుడు
బానెట్ మీద అరచెయ్యి ఉంచి నిలబడ్డాడు.
నేనేమీ చెప్పక్కర్లేకపోయింది.
"మూడో సిలిండరు కాస్త బద్ధకంగా ఉంది,"
అని మాత్రం అన్నాడు.

పరీక్ష ఫిబ్రవరికి వాయిదా పడింది.
వోల్వో రోజూ లేస్తోంది.
నాకే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
ఊరు వినబడుతోంది.
ఎలా ఆపాలని ఆర్విద్‌ని అడిగితే
ఆ ప్రశ్న మాత్రం
రెండుసార్లు రాసి చూపించినా
వినబడలేదన్నాడు.